ఎముకలు గుల్లబారడానికి వయసొక్కటే కారణమా?



ముట్లుడిగిన తర్వాత ఎముకల బలం తగ్గడం సహజమే. కాని అంతా వయసు మీదికి నెట్టరాదు. మా అక్కయ్య వంటింట్లో జారి మణికట్టు విరుచుకున్నది. "పెద్దవయసు" అని కాల్షియం మాత్రలిచ్చి పంపారు. రెండేళ్లకు తుంటి విరిగింది. అప్పుడు గాని రక్తం పరీక్షించలేదు. రక్తంలో కాల్షియం మితిమీరి ఉన్నది! మెడలో బియ్యపు గింజంత పారాథైరాయిడ్ గ్రంథులు 4 ఉంటాయి. (మా సాయంకాలపు తరగతిలో దీనికి తెలుగుమాట దొరకలేదు.) వాటిలో ఒకటి పెరిగి, ఎముకలలోని కాల్షియాన్ని రక్తంలోకి లాగుతున్నదట. శస్త్రచికిత్స చేసి తీసివేశారు.

ఉబ్బసానికి నెలల తరబడి ప్రెడ్నిసొలోన్ మింగేవారు, థైరాయిడ్ మాత్ర మోతాదు మించినవారు, ఎండ తగలక విటమిన్ డి తగ్గినవారు కూడా ఉంటారు. ఎముక పలచబడిందని స్కాను చెబుతుంది, ఎందుకో చెప్పదు. "కారణం వెదికారా?" అని డాక్టరుగారిని అడగండి. వెళ్లేటప్పుడు మీరు వాడే మందులన్నీ సంచిలో వేసుకొని వెళ్లండి, నాటుమందులతో సహా.