కారు వెనక చప్పుడు

కారు వెనక నుంచి చప్పుడొస్తుంటే మెకానిక్ దగ్గరికి పరుగెత్తే ముందు డిక్కీ తెరవండి. జాకీ, వీల్ స్పానర్, స్టెప్నీ బిగించి ఉన్నాయా? చాలాసార్లు గుట్టు అక్కడే బయటపడుతుంది. లేదంటే, చప్పుడు ఎప్పుడొస్తోందో గమనించండి. స్పీడ్ బ్రేకర్ దాటుతున్నప్పుడే ‘టక్’మంటే షాకబ్జార్బరో, దాని రబ్బరు బుష్షో అరిగి ఉండొచ్చు. షాకబ్జార్బర్ ఒంటిమీద నూనె తడి కనిపిస్తే అనుమానం బలపడినట్టే. వేగంతో పాటు మోత పెరుగుతూ, తారు రోడ్డు నుంచి సిమెంటు రోడ్డెక్కగానే మారిపోతే ముందు టైర్లు చూపించండి. రోడ్డు మారినా అదే మోతైతే వీల్ బేరింగ్ కావచ్చు. బండి ఆగి ఉన్నా గలగలమంటోందా? సైలెన్సర్‌ను పట్టుకునే రబ్బర్లు చూడాలి, అదీ చల్లారాకే సుమా! బ్రేకు తొక్కితే గరగరమన్నా, బేరింగ్ మీద అనుమానమున్నా బాగుచేయించేదాకా దూరప్రయాణం పెట్టుకోకండి.