ఆమె సంతకం ఎక్కడ?

(బస్తీ మహిళలు గీసిన దేహపటాల ప్రదర్శన ప్రారంభోత్సవంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ హాలు గోడలకు వేలాడుతున్న నిలువెత్తు కాగితాలను చూశారు. ఒక స్త్రీ కాగితంపై పడుకుంటే మరొక స్త్రీ ఆమె చుట్టూ గీత గీస్తుంది. ఆ గీత లోపలి చోటును ఆమె రంగులతో, గుడ్డపేలికలతో, నాలుగు మాటలతో నింపుకుంటుంది. దీనినే దేహపటం అంటున్నాము. మన స్త్రీల చేత బొమ్మలు వేయించడమేమిటని కొందరు పెద్దలు అడిగారు. అడగవలసిన ప్రశ్నే. ప్రాణుల చిత్రణపై ఉలమాల మధ్యనున్న భేదాభిప్రాయాన్ని గౌరవించే ముఖాలు గీయించలేదు. పేర్లూ రాయించలేదు. దాని కారణం వేరు, మీకు తెలియనిది కాదు.

ఈ పద్ధతి మేము కనిపెట్టినది కాదు. 2002లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో, హెచ్‌ఐవీతో జీవిస్తున్న ఖయేలిత్షా బస్తీ స్త్రీల చేత కళాకారిణి జేన్ సాలమన్ ఇటువంటి పటాలు గీయించారు. ప్రాణం నిలిపే మందులు అక్కడి ప్రభుత్వ ఆసుపత్రులలో అందరికీ అందని రోజులవి. ఆ పటాలు, వారి కథలు 2003లో పుస్తకంగా వచ్చాయి. లెక్కలలో అంకెలుగా ఉన్న వారు అందులో మనుషులుగా కనిపించారు.

మన బస్తీ స్త్రీల పటాలలో పొత్తికడుపు దగ్గర ఆగి చూడండి. చాలా వాటిలో అక్కడ రంగు లేదు. ఒక తల్లి అక్కడి కాగితాన్నే గుండ్రంగా కత్తిరించివేసింది. గర్భసంచి తీసివేసిన చోటు అది. ఎందుకు తీశారమ్మా అని అడిగితే, "డాక్టరు ఆయనతో చెప్పాడట, ఆయన సంతకం పెట్టాడట" అన్నది. ఆ 'అట'లోనే ఉన్నది మన బాధంతా. తన కడుపు కోత గురించి ఆమెకు తెలిసినది వినికిడి మాట మాత్రమే! ఇది ఒక్క బస్తీ సంగతి కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తొలగించినవారు దేశంలో సుమారు 3 శాతం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో 8 శాతానికి అటూ ఇటూ.

చట్టం ఏమంటున్నది? పరీక్ష కోసమని మత్తు ఇచ్చి, తల్లి అంగీకారంతో ఒక స్త్రీ గర్భసంచిని, అండాశయాలను తొలగించిన సమీరా కోహ్లీ కేసులో, ఆ అంగీకారం చెల్లదని 2008లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ప్రాణాపాయం లేనప్పుడు, విషయం వివరించి ఆమెనే అడగాలి. కన్నతల్లి సంతకమే చెల్లనప్పుడు భర్త సంతకం ఎలా చెల్లుతుంది?

ఈ మాట మనకు కోర్టు నేర్పవలసినదీ కాదు. తండ్రి తన ఇష్టానికి విరుద్ధంగా నికాహ్ చేశాడని హజ్రత్ ఖన్సా బిన్తె ఖిజామ్ (రజి) వచ్చి చెప్పుకుంటే, దైవప్రవక్త (సఅసం) ఆ నికాహ్‌ను రద్దు చేసిన ఉదంతం సహీహ్ బుఖారీలో ఉన్నది. నికాహ్ వేళ అమ్మాయి "ఖుబూల్" అనేదాకా ఆగే మనం, ఆపరేషన్ బల్ల దగ్గర ఎందుకు ఆగము?

2022లో కర్ణాటకలో మన ఆడపిల్లల హిజాబ్‌ను కళాశాల గేటు దగ్గర తీయించినప్పుడు, అది ఆమె నిర్ణయమని మనమంతా గొంతెత్తాము. ఆ అక్టోబరులో సుప్రీంకోర్టు న్యాయమూర్తులిద్దరూ చెరొక తీర్పు ఇవ్వగా, జస్టిస్ సుధాంశు ధూలియా కూడా అది ఆమె ఎంపికేనన్నారు. ఆ వాదనను ప్రభుత్వం ముందు పెట్టి, ఇంటి గడప లోపల దాచిపెట్టడం మాత్రం మాకు సమ్మతం కాదు.

వచ్చే ఆదివారం జుహర్ నమాజు తరువాత ఇక్కడే మళ్లీ కూర్చుంటాము. ఆపరేషన్ కాగితాలు ఉన్న తల్లులు తెచ్చుకోండి. ఏ కాగితంపై ఎవరు సంతకం పెట్టారో తెలుగులోనూ ఉర్దూలోనూ చదివి చెప్పడానికి ఒక వైద్యురాలు, ఒక న్యాయవాది వస్తున్నారు. భర్తలూ రావచ్చు, వెనుక వరుసలో కుర్చీలు వేయిస్తాము.