కట్టిన చేతులు విప్పనివ్వండి



మన బడుల్లో "చేతులు కట్టుకోండి, నోటి మీద వేలేసుకోండి" అన్న మాట వినకుండా పెరిగినవాళ్లు తక్కువ. ఉపాధ్యాయుడిగా నేనూ ఏళ్ల తరబడి ఆ మాటే అన్నాను. ఒకరోజు పిల్లలంతా "చంద్రుడు భూమికి ఎప్పుడూ ఒకే ముఖం చూపిస్తాడు" అని గడగడా అప్పజెప్పారు. "మరి తన చుట్టూ తాను తిరుగుతాడా?" అన్నాను. "తిరగడు సార్!" అంది తరగతి మొత్తం.

వెనక బెంచీలో ఒక అమ్మాయి ఎడమ పిడికిలిని భూమి చేసి, దాని చుట్టూ కుడి పిడికిలిని తిప్పుతోంది. వేళ్ల కణుపులు భూమివైపే ఉండాలని ఆ పిల్ల పట్టుదల. సగం దూరం పోయేసరికి మణికట్టు మొరాయించింది. లేచి వచ్చి, నా బల్ల చుట్టూ బల్లవైపే ముఖం పెట్టి నడిచింది. బల్లకు అవతల మొదట కిటికీ, తర్వాత నల్లబల్ల, తలుపు, మళ్లీ కిటికీ కనిపించాయి. "సార్, నేనూ ఒక చుట్టు తిరిగేశాను!" అంది. 27 రోజుల పైచిలుకులో చంద్రుడు చేసేదీ అదే.

షికాగో విశ్వవిద్యాలయంలో సూసన్ గోల్డిన్-మెడో దశాబ్దాలుగా పిల్లల చేతులనే గమనిస్తూ వచ్చారు. పొడుగు గ్లాసులోని నీళ్లు వెడల్పు గిన్నెలో పోస్తే, నీళ్లు తగ్గాయంటారు చిన్నపిల్లలు. కొందరు నోటితో ఎత్తు గురించే చెబుతూ, చేత్తో వెడల్పు చూపిస్తారు. అలాంటివాళ్లకు నేర్పితే మిగతావాళ్లకంటే బాగా అందుకుంటారని 1986లో ఆమె, సహపరిశోధకురాలు చూపారు. లెక్క నేర్చుకుంటూ చేతులు కదిపిన పిల్లలకు నాలుగు వారాల తర్వాతా అది గుర్తుందని 2008 నాటి మరో అధ్యయనం తేల్చింది. నాకు ఎక్కువ నచ్చింది మాత్రం మొదటిదే. పిల్ల నోటికి ఇంకా రాని తెలివి వేళ్ల చివరన నిలబడి ఉంటుందంటే, అది చూడకుండా మనం ఏం చదువు చెబుతున్నట్టు?

చేతులు ఊరికే ఊపితే చాలదు. కదలికలో విషయం ఉండాలి. పైగా పిల్లవాడికి ఏం అర్థమైందో ఉపాధ్యాయులైన మీకు తెలియాలంటే, ఆ కదలిక పిల్లవాడిదై ఉండాలి, మీది చూసి చేసింది కాకూడదు.

శ్వాసక్రియ పాఠం చదివించేటప్పుడు, ఒక వాక్యం దగ్గర ఆపి "ఉదరవితానం ఏం చేస్తుందో అరచేత్తో చూపించండి" అనండి. ఊపిరి పీల్చినప్పుడు అది కిందికి దిగాలి. నలభై అరచేతుల్లో పైకి లేచినవి ఏవో మీకు ఆ క్షణంలోనే కనిపిస్తాయి. వాటి దగ్గరికి వెళ్లండి.