నాలుగు దోసిళ్ళ హక్కు

(ఘంటసాలలో రమజాన్ చివరి వారంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఉపవాస మాసపు చివరి ఘడియల్లో ఉన్నాం. ఈ రోజుల్లో ప్రతి మస్జిదులోనూ ఫిత్రా ప్రకటన వినిపిస్తుంది. తలకు ఇన్ని రూపాయలని ఇమాం గారు చెబుతారు. మనం ఇంట్లోని తలలు లెక్కించుకుని, ఆ సొమ్ము జేబులో వేసుకుని, పండుగ ఉదయం ఈద్‌గాహ్‌కు బయలుదేరుతాం. దారిలో చేయి చాచిన వారికి కొంత, తిరిగి వచ్చేటప్పుడు కొంత పంచివేసి బాధ్యత తీరిందనుకుంటాం. మన బాధ్యత తీరిందో లేదో అల్లాహ్‌కు ఎరుక. పేదవాని హక్కు తీరిందా అన్నది మాత్రం మనం ఇక్కడే విచారించుకోవచ్చు.

హిజ్రీ 2వ సంవత్సరంలో ఉపవాసాలు విధి అయ్యాయి. ఆ ఏడే ఫిత్రా కూడా విధించబడింది. స్వతంత్రుడు, బానిస, స్త్రీ, పురుషుడు, పిన్న, పెద్ద అనే తేడా లేకుండా ముస్లింలందరి తరఫున దైవప్రవక్త (స) దీనిని విధిగా నిర్ణయించారని హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) తెలిపారు. ఉపవాసంలో దొర్లిన వ్యర్థపు మాటల మాలిన్యాన్ని ఇది కడుగుతుందని, నిరుపేదలకు ఆహారమవుతుందని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) వివరించారు. ఈ రెండు ప్రయోజనాలలో మొదటిది మనది, రెండవది వారిది. మన ప్రయోజనం నెరవేరాలంటే వారిది నెరవేరాలి.

సంపన్నుల సొమ్ములో అడిగేవారికీ, అడగలేని అభాగ్యులకూ హక్కు ఉన్నదని దివ్య ఖుర్ఆన్ అంటుంది. హక్కు అనే మాటను ఈ పత్రిక పాఠకులకు వేరుగా వివరించనక్కరలేదు. ప్రభుత్వాలు ఇచ్చే కానుకకూ హక్కుకూ మధ్య భేదం మనం అనుభవించినదే. మన రాష్ట్రంలో రంజాన్ తోఫా ఒక ప్రభుత్వంలో వచ్చింది, ప్రభుత్వం మారగానే పోయింది. కానుక ఇచ్చేవాని ఇష్టం. ఆగిపోతే అడిగే దారి లేదు. ఫిత్రా అటువంటిది కాదు. దాని కొలత నిర్ణీతం, వేళ నిర్ణీతం, పుచ్చుకునేవాడు ఎవరో నిర్ణీతం.

ముందుగా కొలత సంగతి. తలకు ఒక 'సా' ఖర్జూరం గాని, బార్లీ గాని ఇవ్వాలని హదీసు. సా అంటే ఏమిటి? మన కుంచం, మానిక, సోల వంటి కొలపాత్ర. తూకం కాదు. నాలుగు ముద్‌లు ఒక సా. మధ్యరకం మనిషి రెండు చేతులూ కలిపి పట్టిన దోసెడు ఒక ముద్. అంటే నాలుగు దోసిళ్ళు. దీనిని కిలోలలోకి మార్చడంలో హిజాజ్ సా, ఇరాక్ సా అనే భేదం వల్ల లెక్కలు వేరయ్యాయి. హనఫీ ఆలిములు సుమారు మూడుంపావు కిలోలంటారు. ఇతరులు రెండున్నర నుంచి మూడు కిలోలంటారు.

మరి మన ప్రకటనలలో వినిపించే కిలో ముప్పావు ఎక్కడిది? అది గోధుమల లెక్క. హజ్రత్ ముఆవియా (రజి) మదీనాకు వచ్చినప్పుడు, సిరియా గోధుమలు రెండు ముద్‌లు ఒక సా ఖర్జూరానికి సాటి అని మింబరుపై నుంచి అభిప్రాయపడ్డారు. చాలామంది దానిని స్వీకరించారు. హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) మాత్రం, ప్రవక్త (స) కాలంలో ఇచ్చినట్లే పూర్తి సా ఇస్తూ వచ్చానని చెప్పారు. హనఫీలకు అర సా గోధుమల విషయంలో ఇతర ఉల్లేఖనాలు కూడా ఆధారంగా ఉన్నాయి. కనుక దానిని తప్పు అనను. అయితే ఆనాడు గోధుమ అరుదైనది, ఖరీదైనది. అందుకే సగం సరిపోయింది. నేడు ఆ జాబితాలో చవకైన వాటిలో అదొకటి. ఉదాహరణకు ఐదుగురున్న కుటుంబం తీసుకోండి. గోధుమలు కిలో 40 రూపాయలనుకుంటే తలకు కిలో ముప్పావు చొప్పున 350 రూపాయలు. ఎండుద్రాక్ష కిలో 400 రూపాయలనుకుంటే మూడుంపావు కిలోల చొప్పున 6,500. రెండూ ఫిత్రాయే. రొయ్యల చెరువులున్న వారూ, రోజుకూలీతో ఇల్లు నెట్టుకొచ్చే వారూ ఒకే 350తో సరిపెట్టుకోవడం నాకు న్యాయంగా తోచదు. ప్రకటించే రేటు కనీస హద్దు. కలిగినవారు ఖర్జూరం లెక్కనో, ద్రాక్ష లెక్కనో ఇస్తే వారిని ఆపేవారు లేరు.

హదీసులలో బియ్యం పేరు లేదు. మదీనాలో వరి పండదు. మనం మాత్రం కృష్ణా డెల్టాలో, మాగాణి నడుమ కూర్చున్నాం. ప్రాంతంలో తినే ప్రధాన ధాన్యం ఒక సా ఇవ్వవచ్చునని షాఫయీ, మాలికీ మార్గాల వారంటారు. హనఫీ మార్గంలో హదీసులో చెప్పిన వస్తువుల విలువకు తగ్గకుండా బియ్యం ఇవ్వవచ్చు. తలకు రెండున్నర కిలోల మంచి బియ్యం ఇస్తే గోధుమల విలువ దాటుతుంది. ఐదుగురి ఇంటి నుంచి పన్నెండున్నర కిలోలు! ఒక పేద కుటుంబానికి పండుగతోపాటు ఆ తరువాతి వారం కూడా గడిచిపోతుంది.

ఈ తీరం నుంచి దానపు బియ్యం ప్రయాణించడం కొత్త కాదు. 17వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో మచిలీపట్నంలో ఉన్న ఆంగ్ల వర్తకుడు విలియం మెథ్‌వోల్డ్, గోల్కొండ సుల్తాను ఏటేటా ఎర్రసముద్రానికి వెళ్ళే ఓడలో హజ్ యాత్రికులకు పంచేందుకు బియ్యం పంపుతాడని రాశాడు. బందరు రేవు నుంచి అరేబియాకు బియ్యం చేరింది. అదే బియ్యం మన వీధి చివరి ఇంటికి చేరడం కష్టమా?

మంచి బియ్యం అన్నాను. ఆ మాట కావాలనే అన్నాను. మీరు సంపాదించిన వాటిలో, భూమి పండించిన వాటిలో మేలైనవి ఇవ్వండని, మీకే ఇస్తే కళ్ళు మూసుకుని తప్ప పుచ్చుకోని నాసిరకం ఏరి ఇవ్వకండని బఖరా సూరా 267వ ఆయతు బోధిస్తుంది. మదీనాలో కొందరు మస్జిదులోని పేదల కోసం ఎండి చెడిన ఖర్జూర గెలలు తెచ్చి వేలాడదీసినప్పుడు ఈ ఆయతు అవతరించిందని ఉల్లేఖనం ఉంది. మనం సన్న బియ్యం వండుకుంటూ, ఇంట్లో పేరుకుపోయిన రేషను బియ్యం ఫిత్రాకు తీయడం ఆ గెలల కోవలోనిదే. తలకు ఐదు కిలోల రేషను బియ్యం ఆ పేదవానికీ ఇంట్లో ఉన్నాయి. పండుగనాడు అతనికి కావలసింది మనం తినే అన్నం.

ఇక వేళ. నమాజుకు బయలుదేరక ముందే అందజేయాలని ప్రవక్త (స) ఆదేశం. నమాజు తరువాత ఇస్తే అది సాధారణ దానాలలో ఒకటి మాత్రమేనని ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖనం. ఆలస్యమైనంత మాత్రాన బాకీ రద్దు కాదు, ఇవ్వవలసిందే. కాని పండుగ పొద్దున్న పొయ్యి వెలగని ఇంటికి సాయంత్రం చేరిన రూపాయి దేనికి? పిల్లవాడు షీర్ ఖుర్మా కోసం పక్కింటి గుమ్మం వైపు చూసే ఘడియ దాటిపోయింది.

ఈ ఏళ్ళలో ఈ సంగతికి మరింత బరువు ఉంది. 2025లో మన పండుగ మార్చి 31న వచ్చింది. ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ వస్తోంది. మార్చి అంటే డెల్టాలో ఏమిటో మీకు తెలుసు. వరి కోతలు ఎప్పుడో అయిపోయాయి. మినుము పీకడమూ ముగుస్తుంది. మళ్ళీ నాట్లు పడే దాకా పొలంలో కూలిపని అంతంత మాత్రం. చేతిలో డబ్బు ఆడని సరిగ్గా ఆ రోజుల్లో పండుగ వస్తోంది.

హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) పండుగకు ఒకటి రెండు రోజుల ముందే ఇచ్చేవారు. రమజాన్‌లో అంతకు ముందే ఇచ్చినా చెల్లుతుందని హనఫీ ఆలిములంటారు. ప్రవక్త (స) రమజాన్ జకాత్ ధాన్యానికి హజ్రత్ అబూ హురైరా (రజి)ను కాపలా ఉంచారని బుఖారీలో ఉంది. మూడు రాత్రులు దొంగ వచ్చిన ప్రసిద్ధ వృత్తాంతం అదే. మనం ఆ దొంగ కథనే చెప్పుకుంటాం. ఫిత్రా ధాన్యం ఒకచోట చేర్చి, కాపాడి, పంచే ఏర్పాటు ఆనాడే ఉన్నదన్న సంగతి పట్టించుకోం.

ఎవరికి ఇవ్వాలి? తల్లిదండ్రులకు, బిడ్డలకు, భార్యాభర్తలు పరస్పరం ఇచ్చుకోరాదు. పేదరాలైన చెల్లెలికి, మేనత్తకు ఇవ్వవచ్చు, అది మరింత మేలు. మస్జిదు సున్నానికి, ఫ్యానులకు వాడరాదు. పేష్ ఇమాం జీతంగా లెక్కకట్టరాదు. ఇది గట్టిగానే చెబుతున్నాను. ఇమాం గారు పేదవారైతే పేదవానిగా పుచ్చుకోవచ్చు. ఏడాది పొడవునా జీతం సరిగా ఇవ్వక, చివరకు ఫిత్రాతో సరిపెట్టడం ఆయన హక్కునూ పేదల హక్కునూ కలిపి తినడమే.

జాబితా రాసేటప్పుడు నూర్‌బాషాల ఇళ్ళు దాటి వెళ్ళకండి. ఉర్దూ రాదని, నమాజుకు సరిగా రారని వారిని రెండో రకంగా చూసే అలవాటు మనలో కొందరికి ఉంది. ప్రభుత్వ జాబితాలో వారు బీసీ-బి, 2007 చట్టంతో చేరిన ముస్లిం వర్గాలు బీసీ-ఇ. ఫిత్రా జాబితాలో అటువంటి గీతలు లేవు. ముస్లిమేతర పేదలకు ఫిత్రా ఇవ్వడాన్ని ఇమామ్ అబూ హనీఫా అనుమతించారు, ఇతర ఇమాములు అంగీకరించలేదు. మీ ఆలిములను అడిగి నడుచుకోండి. అది కాకున్నా నఫిల్ దానానికి ఏ అడ్డూ లేదు.

ఇచ్చేచేయి, పుచ్చుకునే చేయి ఎప్పటికీ అవే ఉండవని ఈ నేలకు వేరుగా చెప్పాలా? 1977 నవంబరు 19 రాత్రి దివిసీమను ఉప్పెన ముంచింది. ఆ ఏడు బక్రీదు ఆ తరువాత రెండు మూడు రోజులకే. ఖుర్బానీకి పశువును కట్టుకున్న ఇంటివారు కూడా ఆ పండుగనాడు అన్నం పొట్లం కోసం వరుసలో నిలబడవలసిన స్థితి అది.

ఇప్పుడు చేయవలసిన పని చెబుతాను. అడగడానికి బిడియపడే ఇళ్ళను మనం బయటినుంచి చూసి కలిగినవారనుకుంటాం. ఎవరి పొయ్యి వెలగడం లేదో ఆడవారికే తెలుసు. కనుక పేర్ల జాబితా అక్కచెల్లెళ్ళు చెప్పాలి, మగవారు రాయాలి. ఆ కాగితం మస్జిదు గోడకు అంటించరాదు. ఇరవై ఏడో రాత్రికి బియ్యం ఒక ఇంట చేరాలి. బియ్యంతోపాటు పాలకూ, సేమియాకూ కొంత నగదు కలపండి. నెలవంక కనిపించిన రాత్రే, ఫొటోలు లేకుండా, సంచులు ఇల్లిల్లూ చేర్చండి. చల్లపల్లి, మొవ్వ వైపు ఒక్కొక్కటిగా ఉన్న ముస్లిం ఇళ్ళకు ముందురోజే బయలుదేరితే గాని వేళకు అందదు. బండి ఉన్నవారు ఈ సభ ముగిశాక ఇక్కడే ఆగి పేర్లు ఇవ్వండి.