మన మద్ది చెట్టు కూడా సాక్ష్యమే

నేను అటవీ హక్కుల గురించి మాట్లాడతానని ఇందాక మైకులో చెప్పారు. మాట్లాడతాను. కానీ ఒక చెట్టు దగ్గర మొదలుపెడతాను, కాస్త ఓపిక పట్టండి.

పోయిన చలికాలం మా చెంచు గూడెం కుర్రాళ్ళం ఐదుగురం, మా తాత, కలిసి మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రి చూడటానికి పోయాం. మాచర్లలో బస్సెక్కి, సాగర్ దగ్గర కృష్ణ దాటి, దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా. తాత ఎందుకు వచ్చాడంటే, "మీరు చెప్పేది నేను నమ్మను, నా కళ్ళతో చూడాలి" అన్నాడు.

అది దూరం నుంచి ఒక చెట్టులా కనపడదు, చిట్టడవిలా ఉంటుంది. మూడెకరాల మేర పరుచుకుంది. ఏడు వందల ఏళ్ల నాటిదని చెబుతారు. అసలు మాను ఏదో ఇప్పుడు ఎవరూ వేలు పెట్టి చూపించలేరు. కొమ్మ నుంచి ఊడ దిగుతుంది, నేల తగిలితే వేరు పడుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ లావెక్కి అదే ఇంకో మాను అవుతుంది, తనను దించిన కొమ్మను తానే మోస్తుంది. పిల్లలమర్రి అన్నది అందుకే.

2017 డిసెంబరులో దాని పెద్ద కొమ్మ ఒకటి విరిగి పడింది. లోపల చెదలు తినేశాయి. జనాన్ని లోపలికి రానివ్వడం ఆపేశారు. 2018లో చెదల మందును నీళ్ళలో కలిపి, సెలైన్ సీసాల్లో పోసి, కొమ్మలకు వేలాడగట్టి చుక్కచుక్కగా ఎక్కించారు. వాలిన కొమ్మల కింద సిమెంటు దిమ్మెలు కట్టారు. ఊడలు క్షేమంగా నేలకు చేరాలని పైపులు పెట్టారు. ఆ ఫొటోలు అప్పట్లో ఫోన్లో చూసి మేం నవ్వుకున్నాం, చెట్టుకు సెలైనేంట్రా అని. అక్కడ నిలబడ్డాక నవ్వు రాలేదు.

తాత కంచె ఇవతలే చాలాసేపు కూర్చున్నాడు. బస్సులో తిరిగొస్తూ ఒకటే అన్నాడు: "దీనికి డాక్టర్లున్నారు. మన మద్ది పడిపోతే ఎవరికి తెలుస్తదిరా?"

మా మద్ది గురించి చెప్పాలి. వాగు ఒడ్డున ఉంటుంది. నలుగురం చేతులు పట్టుకుంటేగానీ దాని చుట్టు రాదు. మొదట్లో లింగమయ్య రాయి ఉంది. పైన తేనెపట్టులు పడతాయి, కానీ ఆ చెట్టు పట్టు కోయరు, ఆ ఒక్క చెట్టుది మాత్రం కోయరు. ఎండాకాలం వాగు ఎండినా దాని వేళ్ళ పక్కన చెలమ తవ్వితే నీళ్ళు వస్తాయి. మా అమ్మ పుట్టినప్పుడు మా అమ్మమ్మ ఆ నీళ్ళే తాగిందట. కొంచెం అవతల మా పెద్దల సమాధులు. వాటి మీద పేర్లుండవు, రాళ్ళుంటాయి. ఏ రాయి ఎవరిదో తాతకు తెలుసు. నాకు సగమే తెలుసు, డిగ్రీ చదివాను గానీ.

ఇప్పుడు అసలు విషయం. మా గూడెం సామూహిక అటవీ హక్కు కోసం పెట్టిన దరఖాస్తు వెనక్కి వచ్చింది. "ఆధారాలు లేవు" అని రెండు ముక్కలు రాసి పంపారు. మావాళ్ళూ నిజమే కాబోలు అనుకున్నారు, మన దగ్గర కాగితాలెక్కడివి అని. నేనూ అలాగే అనుకున్నాను, సిగ్గుపడుతూ చెబుతున్నా.

పిల్లలమర్రి నుంచి వచ్చాక కూర్చుని చట్టం చదివాను. 2006 అటవీ హక్కుల చట్టానికి 2008లో నిబంధనలు చేశారు. వాటిలో 13వ నిబంధన చూడండి. సామూహిక హక్కుకు ఏవేవి ఆధారాలో అక్కడ రాసుంది: దుంపలు, పండ్లు ఏరుకునే చోట్లు, నీటి వనరులు, మందు మొక్కలు తెచ్చుకునే తావులు, పవిత్రమైన చెట్లు, వనాలు, శ్మశానాలు. పెద్దవాళ్ళు చెప్పిన మాట రాసుకుంటే అదీ ఆధారమే. 2012 సవరణ ఇంకో మాట చేర్చింది: ఫలానా కాగితమే తెమ్మని సబ్ డివిజన్ కమిటీగానీ జిల్లా కమిటీగానీ పట్టుబట్టకూడదు.

అంటే మన మద్ది ఆధారం. చెలమ ఆధారం. పేర్లు లేని ఆ రాళ్ళూ ఆధారమే. మనం దరఖాస్తులో వాటిని రాయలేదు, అంతే. ఎందుకు రాయలేదంటే అవి కాగితం మీద పెట్టే విషయాలని మనకెవరూ చెప్పలేదు.

పిల్లలమర్రి ఊడకు నేల అందకపోతే ఏమవుతుందో చూసొచ్చాను కాబట్టి అడుగుతున్నా. మాచర్ల, వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు ఎన్ని గూడేల్లో ఇలాంటి ముసలి చెట్లున్నాయి? ఎవరి చెట్టు ఎక్కడుందో ఏ తాత చెప్పగలడు? ఆ తాతలు ఇంకెన్నాళ్ళుంటారు? పోయిన వానాకాలం మా పక్క గూడెంలో ఒక అవ్వ పోయింది. ఆమెకు తెలిసిన చెలమలు ఆమెతోనే పోయాయి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, పని చిన్నదే. చెట్టు ఫొటో తీయండి, పక్కన ఒక మనిషిని నిలబెట్టండి, లేకపోతే సైజు తెలియదు. ఫోన్లో లొకేషన్ ఆన్ చేసుకోండి. పెద్దవాళ్ళ మాట వాళ్ళ భాషలోనే రాసి, చదివి వినిపించి, వేలిముద్ర తీసుకోండి. గ్రామసభలో తీర్మానంగా పెట్టించండి. మీ దరఖాస్తు తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. అప్పీలుకు 60 రోజుల గడువుంది, అది దాటనివ్వొద్దు.

వచ్చే ఆదివారం మా గూడెంలో మొదలుపెడుతున్నాం. రాగలిగినవాళ్ళు పొద్దున్నే రండి. తాత మాత్రం చెప్పులతో మద్ది దగ్గరికి రానివ్వడు, ముందే చెబుతున్నా.