మీ ఫైల్‌ని నిజంగా ఎంతమంది డౌన్‌లోడ్ చేశారు?

సౌదీలో ఉంటూ మనవాళ్ల కోసం వెబ్‌సైట్ నడుపుతున్నారా? ఇకామా రెన్యూవల్ గైడ్, రెజ్యూమె ఫార్మాట్ లాంటి పీడీఎఫ్‌లు పెడుతున్నారా? అయితే "ఎంతమంది డౌన్‌లోడ్ చేశారు?" అని ఎవరో ఒకరు అడిగే తీరతారు. ఆ లెక్క తీయడం ఎలాగో చూద్దాం.

[స్క్రీన్ మీద సర్వర్ లాగ్]

ఒక్కో లైన్లో ఐపీ అడ్రస్, టైమ్, ఫైల్ పేరు, స్టేటస్ కోడ్, వెళ్లిన బైట్లు, బ్రౌజర్ వివరం ఉంటాయి. ఇదిగో, ఇక్కడ చూడండి. ఒకే ఐపీ, ఒకే పీడీఎఫ్, వరసగా ఆరు లైన్లు. అన్నిటికీ కోడ్ 206. అంటే సర్వర్ ఆ ఫైల్‌ని ముక్కలుగా పంపింది. బ్రౌజర్‌లోనే పీడీఎఫ్ తెరిచినా, డౌన్‌లోడ్ మేనేజర్ వాడినా ఇలా రావచ్చు. లైన్లు లెక్కేస్తే ఆరు, మనిషి మాత్రం ఒక్కడే. 304 కనిపిస్తే అసలు ఫైల్ వెళ్లనే లేదు, అవతలి ఫోన్లో ఉన్న పాత కాపీయే సరిపోయింది. పైగా గూగుల్‌బాట్ లాంటి ఆటోమేటిక్ ప్రోగ్రామ్‌లు, అంటే బాట్‌లు కూడా ఫైళ్లు తీసుకుపోతుంటాయి, వాటినీ తీసేయాలి.

పోనీ, ఐపీకి ఒకటి చొప్పున లెక్కేద్దామా? జుబైల్‌లో ఒక లేబర్ క్యాంప్ అనుకోండి. అందరికీ ఒకే వైఫై, బయటికి కనిపించేది ఒకే ఐపీ. క్యాంపంతా కలిపి మీ లెక్కలో ఒక్కడే! ఐపీకి బ్రౌజర్ వివరం జోడిస్తే కొంత నయం. ఇక ఒకరు డౌన్‌లోడ్ చేసి వాట్సాప్ గ్రూప్‌లో పెట్టేస్తే, ఆ తర్వాతి కాపీలు మీ లాగ్‌లోకి రానే రావు.

ఈ తలనొప్పి పెద్ద లైబ్రరీలకీ ఉంది. అందుకే కౌంటర్ అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. దాని ప్రకారం అదే యూజర్ అదే ఫైల్‌ని 30 సెకన్లలోపు మళ్లీ నొక్కితే ఒకటిగానే లెక్క, బాట్‌లు లెక్కలోకే రావు. సౌదీలోనే ఒక ఉదాహరణ చూడండి. జెడ్డాకి ఉత్తరాన తువల్‌లో ఉన్న కౌస్ట్ యూనివర్సిటీ 2014లోనే, తమ పరిశోధన అందరూ ఉచితంగా చదివేలా ఓపెన్ యాక్సెస్ పాలసీ తెచ్చింది. తమ పరిశోధన పత్రాలు ఉంచే రిపాజిటరీని డీస్పేస్ సాఫ్ట్‌వేర్‌తో కట్టారు. డౌన్‌లోడ్‌లు నమోదు చేయడం, తెలిసిన బాట్‌ల జాబితాతో వాటిని వడకట్టడం డీస్పేస్‌లోనే ఉన్నాయి.

ఇంకో జాగ్రత్త. సౌదీ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 సెప్టెంబర్ 14న అమల్లోకి వచ్చింది, సర్దుకోవడానికిచ్చిన ఏడాది గడువూ అయిపోయింది. ఐపీ అడ్రస్‌తో మనిషి ఆచూకీ దొరకొచ్చు. కాబట్టి లెక్క తేలాక, అవసరం లేని ముడి లాగ్‌లు తీసేసి రోజువారీ మొత్తాలు మాత్రం దాచుకోండి.

రిపోర్ట్‌లో ఒట్టి అంకె వేయకండి. కిందే ఒక లైన్ రాయండి: "బాట్‌లు తీసేశాం, 30 సెకన్ల రూల్ పాటించాం, వాట్సాప్ కాపీలు కలపలేదు." రూల్ మార్చిన నెలని గ్రాఫ్‌లో గుర్తు పెట్టండి. లేదంటే లెక్క పద్ధతి మారి అంకె పడిపోతే, జనం తగ్గారనుకుని మంచి గైడ్‌నే సైట్ నుంచి తీసేస్తారు!

మీ లాగ్‌లో ముక్కలుగా వెళ్లిన 206లు ఎక్కువా, ఫైల్ మొత్తం ఒకేసారి వెళ్లిన 200లు ఎక్కువా? చూసి కామెంట్లో చెప్పండి. ఉంటాను మరి!