ఎద్దు మనిషిలాంటిదా, మనిషి ఎద్దులాంటివాడా?



పల్లెలో రైతు తన ఎద్దు గంగడోలు నిమురుతూ ‘నోరు లేదు గానీ అచ్చం మనిషే’ అంటాడు. అది మెచ్చుకోలు. సాయంత్రం తాగొచ్చి పెళ్లాన్ని కొట్టేవాణ్ని చూసి అదే రైతు ‘పశువు’ అంటాడు. అది తిట్టు. రెండు మాటలూ చెప్పేది మనిషికీ పశువుకీ పోలిక ఉందనే. కాకపోతే ఒకదానిలో పశువు పైకి లేచింది, రెండోదానిలో మనిషి కిందికి జారాడు. (పెళ్లాన్ని కొట్టే ఎద్దును ఎవరూ చూడలేదు, అది వేరే సంగతి.)

విజయవాడ నుంచి గుంటూరు ఎంత దూరమో, గుంటూరు నుంచి విజయవాడ అంతే దూరం. పోలికకు ఈ లెక్క కుదరదు. 1977లో ఏమస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ సంగతి చూపించాడు. ‘ఉత్తర కొరియా చైనాలాంటిది’ అన్న మాట సబబుగా తోచిన జనానికి, దాన్ని తిరగేసి ‘చైనా ఉత్తర కొరియాలాంటిది’ అంటే అంతగా రుచించలేదు. పోలికను కొలవడానికి బయల్దేరినవాడు ముందు ఎటువైపు నుంచి కొలుస్తున్నాడో చూసుకోవాలి.

పిల్లల్లో ఈ తేడాను కొలిచిన తీరు మరీ సొగసైనది. అమెరికాలో సూసన్ కేరీ అనే పరిశోధకురాలు నాలుగేళ్ల పిల్లలకు వాళ్లెప్పుడూ వినని ఒక అవయవం పేరు చెప్పింది. అది మనుషుల ఒంట్లో ఉంటుందంటే, అయితే కుక్కకూ ఉంటుందన్నారు. కుక్క ఒంట్లో ఉంటుందని మొదలుపెట్టి, మరి మనుషులకో అని అడిగితే వెనకాడారు. 1985లో ఆమె పుస్తకం వచ్చాక చాలామంది ఒక నిర్ణయానికి వచ్చేశారు: పసివాడి లోకంలో కొలబద్ద మనిషే, అది పుట్టుకతో వచ్చిన బుద్ధి.

ఆ పిల్లలు నగరాల పిల్లలన్న సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. విస్కాన్సిన్ రాష్ట్రంలో మెనామినీ అనే ఆదివాసీ తెగ ఉంది. అడవి, చేపలవేట మధ్య పెరిగే ఆ పిల్లలను డగ్లస్ మెడిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం ఇలాగే అడిగి 2003లో ఫలితాలు ప్రచురించింది. వాళ్లలో ఆ ఒంటివైపు మొగ్గు కనబడలేదు. 2010లో ఇంకో మెలిక బయటపడింది: నగరంలోనే మూడేళ్ల పిల్లల్లో ఆ మొగ్గు లేదు, ఐదేళ్ల పిల్లల్లో ఉంది. అంటే పుట్టుకతో వచ్చింది కాదు, నడుమ ఎక్కడో అబ్బింది. 2014లో వెలువడిన ఇంకో అధ్యయనంలో ఐదేళ్ల పిల్లల్లో కొందరికి బట్టలు తొడుక్కుని మాట్లాడే ఎలుగుబంట్ల కథ, మరికొందరికి నిజమైన జంతువుల బొమ్మలున్న విజ్ఞాన పుస్తకం చదివి వినిపించారు. రెండోది విన్న పిల్లల్లో మనిషి కూడా ఒక జంతువేనన్న చూపు తేటపడింది. పిల్లలకు జంతువులను దగ్గర చేస్తుందనుకున్న కథ ఆ పని చేయలేకపోయింది.

పెద్దవాళ్ల సంగతి ఇంకా చిత్రం. కెనడాలోని బ్రాక్ విశ్వవిద్యాలయంలో కింబర్లీ కాస్టెల్లో, గోర్డన్ హాడ్సన్ 2010లో ఒక అధ్యయనం ప్రచురించారు. విద్యార్థుల్లో కొందరికి జంతువులు మనుషులను ఎలా పోలి ఉంటాయో చెప్పే వ్యాసం ఇచ్చారు, మరికొందరికి మనుషులు జంతువులను ఎలా పోలి ఉంటారో చెప్పేది. ఆ తర్వాత అడిగింది వలస వచ్చినవారి గురించి. మొదటి వ్యాసం చదివినవారు వలసవారిని మరింత మనుషులుగా చూశారు. రెండోది చదివినవారిలో ఆ మార్పు రాలేదు. రైతు మెచ్చుకోలుకూ తిట్టుకూ ఉన్న తేడానే ఇక్కడ అంకెల్లో కనబడింది.

పారిస్‌లోని మిరాల్స్ అనే పరిశోధకుడి బృందం, సుమారు 3,500 మందికి జంటలు జంటలుగా జీవుల ఫొటోలు చూపిన అధ్యయనాన్ని 2019లో ప్రచురించింది. ఈ రెండిటిలో దేని మనసు మీకు బాగా తెలుస్తుంది, ప్రాణం మీదికొస్తే దేన్ని ముందు కాపాడతారు అని అడిగింది. పరిణామక్రమంలో మనిషి నుంచి ఎంత ముందుగా విడిపోయిన జీవి అయితే దానిమీద కరుణ అంత తక్కువ. వాళ్లు ఎంచుకున్నది ఫొటోలు చూసి, ఆ జీవులతో కలిసి బతికి కాదన్నది మరిచిపోకూడదు.

ఈ పరిశోధనల్లో చాలా భాగం ఉత్తర అమెరికా, ఐరోపాల్లో, ఎక్కువగా నగరాల పిల్లల మీద, కాలేజీ కుర్రకారు మీద జరిగింది. పాలు పితికే చేతులను అడిగినవాళ్లు తక్కువ. ‘ఆవుకు భావోద్వేగాలుంటాయా, ఒకటి నుంచి ఏడు దాకా మార్కులు వేయండి’ అంటే మన పాడిరైతు నవ్వుతాడు. కానీ, ఇవాళ పట్టాలు అందుకుంటున్న యువ పశువైద్యులారా, రేపు మీ ఆసుపత్రి గడప దగ్గర నిలబడి అదే మనిషి ‘దూడ పోయిన కాణ్నుంచి దిగులు పెట్టుకుందయ్యా, నెమరు కూడా వేయట్లేదు’ అంటాడు. అందులో కొలత ఉంది, లక్షణం కూడా ఉంది. చదువుకున్న చెవి రెండో మాటను పట్టుకుని మొదటిదాన్ని వదిలేస్తుంది. కేసు పుస్తకంలో ‘నెమరు లేదు’ అని రాసేటప్పుడు, పక్కనే ‘దిగులు’ అన్న మాట కూడా, రైతు చెప్పింది చెప్పినట్టే రాయండి.